కొలతల ఉపసర్గలు: కిలో మొదలు క్వెట్టా వరకు

కొన్ని సంవత్సరాల క్రిందట గర్భవతులు తీసుకోవలసిన జాగ్రత్తలను గురించి ఒక వైద్యురాలు ప్రసంగించవలసి ఉన్నది. ఆమె స్వహస్తంతో వ్రాసి పంపిన ప్రసంగానికి శుద్ధప్రతి తయారుచేసే పని నా వంతుకు వచ్చినది. స్టూడియోలో రిహార్సలు మొదలైనది. మొదటి పుట సాఫీగా సాగినది. రెండవ పుటలో ఒక వాక్యం దగ్గర ఆమె చదవడం ఆపి, కాగితాన్ని కళ్ళకు దగ్గరగా తెచ్చుకొని చూచి, అద్దానికి ఇవతల ఉన్న నావైపు తిరిగి, "ఏమండీ, మీ శ్రోతల చేత రోజుకు వెయ్యి మాత్రలు మింగిస్తారా?" అని అడిగినారు.

ఆమె వ్రాసినది "ఫోలిక్ ఆమ్లం రోజుకు 400 మై.గ్రా." అని. నేను ఎత్తి వ్రాసినది "400 మి.గ్రా." అని. 'మ' అనే అక్షరం మీద ఐత్వం ఉండవలసిన చోట గుడి పడినది. మై.గ్రా. అంటే మైక్రోగ్రాము, గ్రాములో పదిలక్షవ వంతు. మి.గ్రా. అంటే మిల్లీగ్రాము, గ్రాములో వెయ్యవ వంతు. నా కలం పొరపాటుకు మోతాదు సరిగ్గా వెయ్యి రెట్లు పెరిగినది. ఇందులో నన్ను ఎక్కువగా బాధించిన విషయం ఒకటి ఉన్నది. ఆ శుద్ధప్రతిలోని అంకెలన్నిటినీ నేను మూలంతో సరిచూచుకొన్నాను. 400 అనే అంకె తప్పిపోలేదు. అంకె మీదనే నా చూపంతా నిలిచినది గాని, దాని ప్రక్కనున్న అక్షరం మీద నిలువలేదు.

ఆనాటి నుండి ఈ చిన్న మాటలను గురించి నాకు కొంత శ్రద్ధ కలిగినది. కిలో, మిల్లీ, మెగా, మైక్రో, నానో, గిగా వంటి ఈ మాటలు ఇప్పుడు ప్రతి ఇంటిలోనూ వినబడుతున్నవి. కరెంటు బిల్లులో ఒకటి, మందుసీసా మీద ఒకటి, చేతిఫోనులో ఒకటి. వీటిని మనం కొలతల ఉపసర్గలు అనవచ్చును.

ఉపసర్గ అనే మాట మన వ్యాకరణానిదే. ధాతువుకు ముందు చేరి దాని అర్థాన్ని వేరొక దారికి లాగుకొనిపోయే చిన్న పలుకు అది. ఆహారము, విహారము, సంహారము అనే మూడు మాటలలోనూ వెనుక ఉన్నది ఒకటే. ముందున్న పలుకును బట్టి ఒకటి భోజనమైనది, ఒకటి షికారైనది, ఒకటి చంపడమైనది. సంస్కృత వైయాకరణులు ఇటువంటి ఉపసర్గలు 22 అని లెక్కపెట్టినారు. కొలతలకు నేడు అంతర్జాతీయంగా అంగీకరించిన ఉపసర్గలు 24. వ్యాకరణపు ఉపసర్గ ఏ ధాతువు దగ్గర ఏ అర్థం ఇస్తుందో ముందుగా చెప్పడం కష్టం. కొలతల ఉపసర్గకు ఆ స్వేచ్ఛ లేదు. కిలో ఎక్కడ చేరినా వెయ్యి రెట్లే. గ్రాముకు ముందైనా, మీటరుకు ముందైనా, వాట్‌కు ముందైనా దాని అర్థం మారదు.

ఇది ఎంత పెద్ద సౌకర్యమో తెలియాలంటే మన పాత కొలతలను ఒకసారి జ్ఞాపకం చేసుకోవలె. గిద్దె, సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచము ధాన్యానికి. పలము, సేరు, వీశె, మణుగు తూకానికి. బెత్తెడు, జానెడు, మూరెడు, బారెడు పొడవుకు. ప్రతి పరిమాణానికీ వేరొక పేరు, ప్రతి మెట్టుకూ వేరొక లెక్క. నాలుగు గిద్దెలు సోల అయితే, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. మద్రాసు రాజధానిలో అయిదు సేర్లు వీశె, ఎనిమిది వీశెలు మణుగు. పొడవుల లెక్క వచ్చినంత మాత్రాన తూకాల లెక్క రాదు. ఆ పేర్లు ఎంత చక్కనివైనా, వాటిలో ఒక చిక్కు ఉన్నది. ఒక సీమ సేరు ఇంకొక సీమ సేరు కాదు. మద్రాసు సేరు 24 తులాలు. ఉత్తరదేశంలో ప్రామాణికంగా చెల్లిన సేరు 80 తులాలు. రెండింటి పేరూ సేరే. బేరమాడేవాడు ఏ ఊరివాడో తెలిస్తే తప్ప సరుకు ఎంతో తెలియదు.

ఫ్రాన్సు దేశంలోనూ విప్లవానికి ముందు ఇటువంటి గందరగోళమే ఉండేది. దానిని తొలగించడానికి 1795 ఏప్రిల్ 7న అక్కడ ఒక చట్టం చేసినారు. మీటరు, లీటరు, గ్రాము మొదలైన కొద్ది పేర్లను మాత్రమే నిర్ణయించి, మిగిలిన పెద్ద చిన్న పరిమాణాలన్నిటినీ వాటికి ముందు ఉపసర్గలు చేర్చి చెప్పవలెనన్నారు. పెంచడానికి గ్రీకు మాటలు తెచ్చినారు. పదింతలకు డెకా, నూరింతలకు హెక్టో, వెయ్యింతలకు కిలో, పదివేలింతలకు మిరియా. తగ్గించడానికి లాటిన్ మాటలు తెచ్చినారు. పదవ వంతుకు డెసి, నూరవ వంతుకు సెంటి, వెయ్యవ వంతుకు మిల్లీ. వీటిలో మిరియా ఒక్కటే కాలగర్భంలో కలిసిపోయినది. 1960లో ప్రకటించిన అంతర్జాతీయ ప్రమాణాల పట్టికలో దానికి చోటు దొరకలేదు. తక్కినవన్నీ రెండు వందల ఏండ్లకు పైగా చెల్లుతూనే ఉన్నవి.

మన దేశానికి ఈ పద్ధతి మొదట నాణెం రూపంలో వచ్చినది. 1957 ఏప్రిల్ 1న రూపాయి పదహారు అణాలు కావడం మాని నూరు నయాపైసలైనది. తరువాత 1958 అక్టోబరు 1 నుండి కిలోగ్రాము దశలవారీగా అంగళ్ళలోనికి ప్రవేశించినది. 1964లో నయా అనే విశేషణం తొలగిపోయి పైస మిగిలినది. అంగట్లో సేరు పోయి కిలో వచ్చినా, పెద్దవాళ్ళ నోట వీశె, మణుగు చాలకాలం నిలిచినవి. ఇప్పటికీ బంగారం దగ్గర తులం మాట వినబడుతూనే ఉన్నది.

ఇక రేడియో సంగతికి వస్తాను. ఈ ఉపసర్గలకు రేడియో పెట్టెకన్న మంచి ప్రదర్శనశాల మరొకటి లేదు. మీడియం వేవ్ మీద విజయవాడ కేంద్రానికి 837, హైదరాబాదు కేంద్రానికి 738 అనే అంకెలు తెలుగు శ్రోతలకు ఏండ్ల తరబడి కంఠస్థమైనవి. ఈ అంకెల వెనుక ఉన్న మాట కిలోహెర్ట్జ్. 837 కిలోహెర్ట్జ్ అంటే ఆ తరంగం సెకనుకు 8,37,000 సార్లు కంపిస్తున్నదని అర్థం. పాత సెట్ల ముళ్ళపలక మీద కిలోసైకిళ్ళు అని ఉండేది. విద్యుత్తరంగాలను ప్రయోగశాలలో మొదట పుట్టించి చూపిన జర్మన్ శాస్త్రజ్ఞుడు హైన్రిక్ హెర్ట్జ్ గౌరవార్థం 1960 నుండి హెర్ట్జ్ అన్నారు. సైకిల్ పోయి హెర్ట్జ్ వచ్చినా కిలో మాత్రం కదలలేదు. ఎఫ్.ఎం. ప్రసారాలు వచ్చిన తరువాత మెగా వచ్చినది. 88 నుండి 108 మెగాహెర్ట్జ్ వరకు వాటి స్థానం. అంటే సెకనుకు ఎనిమిది కోట్ల ఎనభై లక్షల నుండి పది కోట్ల ఎనభై లక్షల కంపనాల దాకా. చేతిఫోను తరంగాలు గిగాహెర్ట్జ్ మెట్టు ఎక్కినవి.

ప్రసారిణి దగ్గర కిలో. వంద కిలోవాట్ల శక్తితో కొన్ని ప్రసారిణులు తరంగాలను వెలువరిస్తవి. ఆ తరంగం దూరపు పల్లెలో ఏరియల్ తీగను చేరేసరికి దాని ఒత్తిడిని చెప్పడానికి మైక్రోవోల్టులు కావలసి వస్తవి. వోల్టులో పదిలక్షవ వంతులు అవి. వాటిని పట్టి, పెంచి, మన చెవికి అందించడమే ఆ పెట్టె చేసే పని.

ఆ పెట్టె లోపల ఇంకొక వింత ఉన్నది. మీరు స్టేషను మార్చడానికి మీట త్రిప్పినప్పుడు లోపల ఒకదానిలోనికి ఒకటి దూరే రేకులు గల గాంగ్ కండెన్సర్ తిరిగేది. దాని సామర్థ్యాన్ని ఫారడ్ అనే ప్రమాణంతో కొలుస్తారు. ఫారడ్ మన అవసరానికి చాల పెద్దది. సముద్రాన్ని ప్రమాణంగా పెట్టుకొని ఉగ్గుగిన్నెను కొలిచినట్లు ఉంటుంది. గాంగ్ కండెన్సర్ సామర్థ్యం రేకులు పూర్తిగా మూసినప్పుడు సాధారణంగా 350 మొదలు 500 పికోఫారడ్‌ల వరకు. పికో అంటే లక్షకోట్లవ వంతు. పికో అనే మాట అధికారికంగా 1960లో వచ్చినది. దానికి ముందు మెకానిక్కులు ఏమనేవారంటే మైక్రో-మైక్రోఫారడ్ అనేవారు. పదిలక్షవ వంతులో పదిలక్షవ వంతు. ఆంగ్లంలో దానిని కుదించి రెండు ఎమ్ములు ప్రక్కప్రక్కన వ్రాసేవారు. ఆ ఎమ్ము మిల్లీకి గుర్తా, మైక్రోకు గుర్తా అనేది చదివేవాడి అనుభవం మీద ఆధారపడి ఉండేది. ఈ కారణం చేతనే ఉపసర్గ మీద ఉపసర్గ వేయరాదని తరువాత నియమం చేసినారు.

ఇంతవరకు చెప్పిన వాటిలో పెద్ద అంకెల చిక్కు రాలేదు. పెద్ద అంకెలకు పేర్లు పెట్టడంలో మన పూర్వులను మించినవారు లేరు. యజుర్వేదంలోనే ఒకటి మొదలు పరార్ధం వరకు పదింతల మెట్లకు వరుసగా పేర్లు ఉన్నవి. తొమ్మిదవ శతాబ్దానికి చెందిన మహావీరాచార్యుడు తన గణితసారసంగ్రహంలో 24 స్థానాలకు పేర్లు చెప్పి, చివరిదానిని మహాక్షోభం అన్నాడు. ఆ గ్రంథాన్నే పావులూరి మల్లన తెలుగు పద్యాలలోనికి తెచ్చి మనకు తొలి తెలుగు గణితగ్రంథాన్ని ఇచ్చినాడు. పన్నెండవ శతాబ్దంలో భాస్కరాచార్యుడు లీలావతిలో 18 స్థానాలు చెప్పినాడు. ఈ జాబితాలను ప్రక్కప్రక్కన పెట్టి చూస్తే మళ్ళీ సేరు కథే ఎదురవుతుంది. వేదంలో అర్బుదం అంటే కోటి, లీలావతిలో పది కోట్లు. వేదంలో పరార్ధం ఒకటి తరువాత 12 సున్నాలు, లీలావతిలో 17 సున్నాలు. ఒకే మాటకు లక్ష రెట్ల అంతరం.

పాశ్చాత్యులు ఇందులో మనకేమీ తీసిపోలేదు. బిలియన్ అంటే అమెరికాలో వంద కోట్లు. బ్రిటనులో లక్షకోట్లు అని చాలకాలం చెల్లినది. 1974లో అక్కడి ప్రభుత్వం అమెరికా లెక్కనే అంగీకరించినది. జర్మన్ భాషలో బిలియన్ నేటికీ లక్షకోట్లే. ఆంగ్ల వార్తలను తెలుగు చేసేవారు బిలియన్ కనబడితే వంద కోట్లు అని వ్రాస్తున్నారు. అది నేటి ఆంగ్లానికి సరిపోతుంది గాని, పాత బ్రిటిష్ పుస్తకం నుండి ఎత్తి వ్రాసేటప్పుడు ఒక్క క్షణం ఆగి ఆలోచించవలె.

ఉపసర్గలకు ఈ అనుమానం లేదు. గిగా అంటే ఏ దేశంలోనైనా ఒకటి తరువాత తొమ్మిది సున్నాలు. అయితే తెలుగువారు ఇందులో ఒక సంగతి గమనించవలె. మన లెక్క వెయ్యి దాటిన తరువాత నూరేసి రెట్లతో మెట్లెక్కుతుంది. వెయ్యి, లక్ష, కోటి. ఉపసర్గలు వెయ్యేసి రెట్లతో ఎక్కుతవి. అందువల్ల లక్షకు గాని కోటికి గాని సరిగ్గా సరిపడే ఉపసర్గ లేదు. కిలో వెయ్యి, మెగా పదిలక్షలు, గిగా వందకోట్లు, టెరా లక్షకోట్లు. బడ్జెటు వార్తలలో లక్షకోట్ల మాట వినబడినప్పుడల్లా అది టెరా మెట్టు అని గుర్తు పెట్టుకోవచ్చును. విశాఖపట్నం సమీపంలోని సింహాద్రి తాపవిద్యుత్ కేంద్రం స్థాపిత సామర్థ్యం 2,000 మెగావాట్లు. దానినే 2 గిగావాట్లు అనవచ్చును. ఇంటిలో వెలిగే తొమ్మిది వాట్ల బల్బులతో లెక్క వేస్తే అది ఇరవైరెండు కోట్ల బల్బులకు సరిపడే శక్తి.

మెగా, మైక్రో అనే రెండింటిని 1873లో బ్రిటిషు శాస్త్రజ్ఞుల సంఘం తన ప్రమాణాల పట్టికలో చేర్చినది. గ్రీకులో ఒకటి గొప్పది, ఒకటి చిన్నది. 1960లో గిగా, టెరా, నానో, పికో చేరినవి. గిగా అంటే రాక్షసాకారుడు, టెరా అంటే భయంకరమైన జంతువు, నానో అంటే మరుగుజ్జు. పెద్దవాటి పేర్లు విన్నప్పుడు ఆ సంఘంలో ఎవరో మన పురాణాలు చదివినవారు ఉన్నారేమో అనిపిస్తుంది. 1964లో ఫెమ్టో, అట్టో వచ్చినవి. ఇవి గ్రీకు గాని లాటిన్ గాని కావు. డేనిష్, నార్వీజియన్ భాషలలో పదిహేను, పద్దెనిమిది అనే మాటల నుండి తెచ్చినవి. 15 సున్నాల తగ్గింపుకు ఒకటి, 18 సున్నాల తగ్గింపుకు ఒకటి. 1975లో పెటా, ఎక్సా. గ్రీకులో అయిదు, ఆరు అనే మాటలలో ఒక్కొక్క ధ్వని తీసివేసి వీటిని చేసినారు. వెయ్యిని అయిదుసార్లు హెచ్చవేస్తే పెటా, ఆరుసార్లు హెచ్చవేస్తే ఎక్సా. 1991లో జెట్టా, యొట్టా, వాటికి జంటగా చిన్నవైపు జెప్టో, యొక్టో.

చెవికి ఒక ఆనవాలు చెప్పగలను. మెగా నుండి పైకి పోయేవన్నీ ఆకారంతో ముగుస్తవి. మైక్రో నుండి క్రిందికి దిగేవన్నీ ఓకారంతో ముగుస్తవి. ఈ నియమం ఏర్పడకముందే పుట్టిన కిలో, హెక్టో, మిల్లీ వంటివి దీనికి లొంగవు. ముసలివారిని ఎవరు మార్చగలరు!

చిన్నవాటి సంగతి మనస్సుకు పట్టడం పెద్దవాటికన్న కష్టం. కోటి రూపాయలను ఊహించగలం గాని సెకనులో వందకోట్లవ వంతును ఎట్లా ఊహించడం? దీనికి అమెరికా నౌకాదళంలో పనిచేసిన గణకయంత్ర నిపుణురాలు గ్రేస్ హాపర్ ఒక మంచి ఉపాయం కనిపెట్టినారు. ఆమె ఉపన్యాసాలకు పోయినప్పుడు ముప్పై సెంటీమీటర్ల పొడవు గల తీగముక్కలు తీసుకొనిపోయి సభలోని వారికి పంచిపెట్టేవారు. అది ఒక నానోసెకను అనేవారు. కాంతి ఒక నానోసెకనులో పోగల దూరం అంతే. బడిపిల్లల స్కేలుబద్ద పొడవు. పికోసెకనుకు ఆ తీగలో వెయ్యవ వంతు, అంటే మిల్లీమీటరులో మూడవ వంతుకన్న కొంచెం తక్కువ. దానికి ఆమె మిరియాలపొడి పొట్లాలు చూపేవారు. ఒక్కొక్క నలుసు ఒక్కొక్క పికోసెకను అన్నమాట.

ఫెమ్టోసెకనులకు మిరియపు నలుసు కూడా పెద్దదే. పరమాణువుల మధ్య బంధాలు తెగడం, కలవడం ఆ వేళలలో జరుగుతుంది. ఆ చర్యలను మెరుపువంటి లేజరు వెలుగులతో చిత్రించి చూపినందుకు ఈజిప్టులో పుట్టిన అహ్మద్ జెవైల్‌కు 1999లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమానం లభించినది. ఎలక్ట్రానుల కదలికను చూడడానికి అదీ చాలదు, అట్టోసెకనులు కావలె. అంతటి క్షణికమైన కాంతి స్పందనాలను సాధించినందుకు 2023 భౌతికశాస్త్ర బహుమానాన్ని పియెర్ అగోస్తిని, ఫెరెంక్ క్రౌజ్, ఆన్ లుయిలియే పంచుకొన్నారు. ఒక సెకనులో ఎన్ని అట్టోసెకనులు ఉన్నవో, ఈ విశ్వం పుట్టినది మొదలు ఇప్పటికి అన్ని సెకనులు గడవలేదు. అందులో సగం కూడా గడవలేదు. 2020లో ఫ్రాంక్‌ఫర్టు శాస్త్రజ్ఞులు ఒక కాంతికణం ఒక హైడ్రోజన్ అణువును దాటిపోవడానికి పట్టిన కాలాన్ని 247 జెప్టోసెకనులుగా కొలిచినారు. ఈ వాక్యాన్ని చదువుతున్నప్పుడు నాకు నిమేషం, త్రుటి అంటూ కాలాన్ని చీల్చుకొంటూ పోయిన మన పూర్వులు జ్ఞాపకం వస్తారు. వారికి ఊహ ఉన్నది. కొలిచే పనిముట్టు మాత్రం లేదు.

చివరి నాలుగు ఉపసర్గలు వచ్చిన కథ కొంచెం వినోదకరమైనది. గణకయంత్రాలలో దాచే సమాచారం యొట్టా మెట్టును సమీపిస్తున్నదని అనుకొన్నప్పుడు కొందరు తమంతట తామే పేర్లు కల్పించడం మొదలుపెట్టినారు. బ్రాంటో అనీ హెల్లా అనీ అవి ప్రచారంలోనికి వచ్చినవి. వాటి మొదటి అక్షరాలు అప్పటికే వేరే ప్రమాణాలకు సంకేతాలై ఉన్నవి. ఊరివారే పేర్లు పెట్టుకొని స్థిరపడిపోతే మళ్ళీ సేరు గొడవ వస్తుందని, బ్రిటిషు జాతీయ భౌతిక ప్రయోగశాలకు చెందిన రిచర్డ్ బ్రౌన్ లాటిన్ వర్ణమాలలో ఏ ప్రమాణానికీ వాడని అక్షరాలు ఏవి మిగిలినవని వెదకినారు. ఆర్, క్యూ మిగిలినవి. 2022 నవంబరు 18న పారిస్ సమీపంలోని వెర్సాయిలో సమావేశమైన తూనికలు, కొలతల మహాసభ ఆయన ప్రతిపాదనను అంగీకరించినది. రొన్నా అంటే 27 సున్నాలు, క్వెట్టా అంటే 30 సున్నాలు. చిన్నవైపు రోంటో, క్వెక్టో. బెలూచిస్తానులోని క్వెట్టా నగరానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు.

ఇంత పెద్ద ఉపసర్గలతో మనకేమి పని అని అనవచ్చును. మనం నిలుచున్న భూమి బరువు సుమారు 6 రొన్నాగ్రాములు. గురుగ్రహం బరువు సుమారు 1.9 క్వెట్టాగ్రాములు. అటు చివర ఎలక్ట్రాను బరువు రోంటోగ్రాముకు కొంచెం తక్కువ. భూగోళం, ఎలక్ట్రాను రెండింటినీ ఒకే గ్రాముతో, ఒక్కొక్క పలుకు ముందు చేర్చి, సున్నాల వరుసలు లేకుండా చెప్పగలగడం చిన్న విషయం కాదు.

ఇక్కడ కిలోగ్రామును గురించి ఒక మాట చెప్పవలె. ప్రమాణాలన్నిటిలో ఉపసర్గతో పుట్టినది అదొక్కటే. బరువుకు మూలప్రమాణం గ్రాము కాదు, కిలోగ్రాము. గ్రాము అంగడి తూకాలకు బాగా చిన్నదని 1799లో పారిస్‌లో కిలోగ్రాము బరువుగల ప్లాటినం దిమ్మను మూలంగా చేసి భద్రపరచినారు. ఆ తరువాత పేరు మార్చే అవకాశం రాలేదు. ఉపసర్గ మీద ఉపసర్గ కూడదు కాబట్టి కిలోగ్రాములో పదిలక్షవ వంతును మైక్రోకిలోగ్రాము అనకుండా మిల్లీగ్రాము అంటారు.

గణకయంత్రాల వారు మరొక చిక్కు తెచ్చిపెట్టినారు. వారి లెక్క రెండేసి రెట్లతో సాగుతుంది. పదిసార్లు రెట్టించితే 1,024 వస్తుంది. అది వెయ్యికి దగ్గరగా ఉన్నదని దానినీ కిలో అన్నారు. 1998లో దీనికి కిబి, మెబి అని వేరు పేర్లు నిర్ణయించినా అవి జనం నోట ఎక్కలేదు. ఒక టెరాబైటు అని కొన్న డిస్కును కొన్ని కంప్యూటర్లలో పెట్టితే 931 గిగాబైట్లు అని చూపుతుంది. అంగడివాడు మోసగించినాడని అనుకోనక్కరలేదు. వాడు వెయ్యితో లెక్కవేసినాడు, యంత్రం 1,024తో లెక్కవేసినది.

మళ్ళీ మ అక్షరం దగ్గరకు వస్తాను. ఆంగ్ల సంకేతాలలో చిన్న ఎమ్ము మిల్లీకి, పెద్ద ఎమ్ము మెగాకు. రెండింటికీ అంతరం వందకోట్ల రెట్లు. మైక్రోకు గ్రీకు అక్షరం మ్యూ. చేతివ్రాతలో మ్యూ ఎమ్ములాగ కనబడి మోతాదులు తారుమారైన సందర్భాలు ఉన్నందువల్ల, మందుల విషయంలో ఆ గ్రీకు అక్షరాన్ని వాడవద్దని ఔషధభద్రత నిపుణులు చెబుతున్నారు. తెలుగులో పెద్దక్షరం, చిన్నక్షరం అనే భేదం లేదు గదా అని మనం సంతోషించరాదు. మిల్లీకి మి, మెగాకు మె, మైక్రోకు మై. మీటరు కూడ మీ అనే మొదలవుతుంది. గుడి, గుడిదీర్ఘం, ఎత్వం, ఐత్వం తప్ప వీటి మధ్య ఏ గోడా లేదు. అచ్చు చెదిరినా, జిరాక్సులో మసకబారినా, చదివేవారికి మ ఒక్కటే మిగులుతుంది.

ప్రభుత్వం గర్భవతులకు ఇచ్చే ఇనుము మాత్రను ఒకసారి చూడండి. అందులో ఇనుము 60 మిల్లీగ్రాములు, ఫోలిక్ ఆమ్లం 500 మైక్రోగ్రాములు. అంకెలను మాత్రమే చూచినవారికి ఫోలిక్ ఆమ్లమే ఎక్కువ అనిపిస్తుంది. 500 మైక్రోగ్రాములంటే అర మిల్లీగ్రాము. అంటే ఇనుము దానికి 120 రెట్లు. గలగండం మందు, విటమిను మాత్రలు మొదలైన వాటిలో కూడ మైక్రోగ్రాములే తరచు ఉంటవి. వాటి అట్టపెట్టెల మీద ఆంగ్లంలో ఎం.సి.జి. అనే మూడక్షరాలు కనబడితే అది మైక్రోగ్రాము. ఎం.జి. అని రెండక్షరాలే ఉంటే మిల్లీగ్రాము. నడుమనున్న సి అనే అక్షరం వెయ్యవ వంతు. పాత చీటీనుండి కొత్త చీటీకి మందుపేరు ఎత్తి వ్రాసుకొనేటప్పుడు, దూరాన ఉన్న పిల్లలకు ఫోనులో మోతాదు చెప్పేటప్పుడు, అంకెతోపాటు ఆ మాటను పూర్తిగా పలుకవలె. మైక్రో అని పూర్తిగా అంటే మిల్లీ అని వినబడే ప్రమాదం లేదు. మై అని సగం మ్రింగితేనే చిక్కు.

ఆనాటి రిహార్సలు తరువాత నేను ప్రసంగప్రతులలో కొలతలకు పొడి అక్షరాలు వ్రాయడం మానివేసినాను. మైక్రోగ్రాములు అని అయిదు అక్షరాలూ వ్రాసి, దాని క్రింద గీత గీస్తాను. మరుసటి సంవత్సరం ఆ వైద్యురాలే శిశుపోషణను గురించి ఇంకొక ప్రసంగం పంపినారు. ఆమె ప్రతిలో మైక్రోగ్రాములు అని ముందే పూర్తిగా, పెద్ద అక్షరాలతో, ఎర్రసిరాతో వ్రాసి ఉన్నది.